పాదపం ఏమి త్రాగుతుంది? – కుణపజలం నుండి ఉదజని సూచిక వరకు

సంస్కృతంలో వృక్షానికి పర్యాయపదాలు అనేకం. భూమి మీద మొలిచేది గనుక మహీరుహము, శాఖలు కలది గనుక శాఖి, కదలనిది గనుక అగము. ఈ నామాలన్నీ వృక్షం యొక్క బాహ్యరూపాన్ని చెబుతాయి. ఒక్క నామం మాత్రం దాని అంతర్వ్యాపారాన్ని చెబుతుంది. అది పాదపము. పాదములతో పానము చేయునది అని వ్యుత్పత్తి. కంటికి కనబడని వేళ్ళు భూగర్భంలో చేసే పనిని గ్రహించి, ఆ పనినే పేరుగా పెట్టిన దృష్టి సామాన్యమైనది కాదు.

ఈ పదానికి తాత్త్విక వివరణ మహాభారతం శాంతిపర్వంలో, మోక్షధర్మాంతర్గతమైన భృగు భరద్వాజ సంవాదంలో లభిస్తుంది. స్థావరాలకు ఇంద్రియాలు కనబడవు గదా, అవి పాంచభౌతికాలు ఎలా అవుతాయని భరద్వాజుడు ప్రశ్నిస్తాడు. భృగువు ఒక్కొక్క ఇంద్రియాన్నీ కార్యం ద్వారా అనుమానించి నిరూపిస్తాడు. వేడికి ఆకు వాడుతుంది గనుక స్పర్శ ఉన్నది. పిడుగు ధ్వనికి పూలూ పండ్లూ రాలుతాయి గనుక శ్రవణం ఉన్నది. ఇక రసనేంద్రియం విషయంలో ఆయన చెప్పిన హేతువులు మన ప్రస్తుత విషయానికి ప్రాణం వంటివి. వృక్షం పాదాలతో నీరు త్రాగుతుంది; దానికి వ్యాధులు కలుగుతాయి; ఆ వ్యాధులకు ప్రతిక్రియ చేస్తే శమిస్తాయి. కాబట్టి దానికి రుచి తెలుసు. తామరతూడును నోట ఉంచుకొని నీటిని పైకి పీల్చినట్లే వృక్షం వాయుసహాయంతో జలాన్ని పైకి గ్రహిస్తుందని దృష్టాంతం. అలా గ్రహించిన జలాన్ని అగ్నివాయువులు జీర్ణం చేస్తాయని కూడా అక్కడే చెప్పబడింది.

భృగువు ఉద్దేశం సేద్యం నేర్పడం కాదు, భూతచైతన్య విచారం. అయినా ఈ వాదంలోనే వృక్షాయుర్వేదం యొక్క బీజం ఉన్నది. మొక్క త్రాగేది అయితే దానికి త్రాగించవచ్చు. రుచి తెలిసినది అయితే, ఏ రుచి గల ఆహారం దానికి హితం, ఏది అహితం అని విచారించవచ్చు.

త్రాగించడం అనే క్రియ అర్థశాస్త్రంలో నేరుగా కనబడుతుంది. సీతాధ్యక్ష ప్రకరణంలో కౌటిల్యుడు బీజసంస్కారాలను చెబుతూ, చెరకు వంటి కాండబీజాలకు కోసిన చోట తేనె, నెయ్యి, పందికొవ్వు, గోమయం కలిపి పూయాలంటాడు. మొలిచిన పైరుకు ఎండని చిన్న చేపలను స్నుహీక్షీరంతో, అనగా జెముడుపాలతో కలిపి ఇవ్వాలంటాడు. అక్కడ ఆయన వాడిన క్రియాపదం ‘పాయయేత్’. చల్లవలెను అని కాదు, వేయవలెను అని కాదు, త్రాగించవలెను అని. పసిబిడ్డకు పాలు పట్టే సందర్భంలో ఏ ధాతువు వాడతామో అదే ధాతువు.

క్రీస్తుశకం 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక ప్రత్యేక అధ్యాయమే కేటాయించాడు. అందులో ఫలపుష్పవృద్ధికి ఒక ద్రవయోగం చెప్పబడింది. మేక, గొర్రె పెంటల చూర్ణం రెండు ఆఢకాలు, నువ్వులు ఒక ఆఢకం, సక్తుపిండి ఒక ప్రస్థ, నీరు ఒక ద్రోణం, గోమాంసం ఒక తుల. ఇవి ఏడు రాత్రులు నిలవ ఉంచి వృక్షానికి సేచనం చేయాలి. ఈ చివరి ద్రవ్యాన్ని చూచి కొందరు వ్యాఖ్యాతలు తడబడి, మరికొందరు దానిని విడిచిపెట్టి అనువదించడం చూస్తుంటాము. గ్రంథంలో ఉన్నది ఉన్నట్లు చెప్పడమే గ్రంథకర్తకు మనం చేసే గౌరవం. ఇది ధర్మవిధి కాదు, లౌకికశాస్త్రం. మృతపశువు శరీరం వృథా పోకుండా మరల భూమిని చేరే మార్గాన్ని ఆ శాస్త్రం పరిశీలించింది.

ఈ ద్రవసంప్రదాయానికి పరిణతరూపం సురపాలుని వృక్షాయుర్వేదంలో లభిస్తుంది. భీమపాలుడనే రాజు ఆస్థానంలో వైద్యుడైన సురపాలుడు సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంవాడని పండితుల అభిప్రాయం. గ్రంథంలో శ్లోకాలు 325. అందులోనిదే కుణపజలం. కుణపం అనగా శవం. పేరు వినగానే జుగుప్స కలుగుతుంది, కాని పేరు యథార్థం. వరాహం యొక్క మాంసం, మజ్జ, మేదస్సు, రక్తం, పురీషం నీటితో కలిపి భూమిలో నిలవ చేయాలి. లభించినంతలో చేప, గొర్రె, మేక మొదలైన వాటి కొవ్వు, మాంసాదులు కూడా చేర్చి ఉడికించాలి. దానిని స్నిగ్ధమైన కుండలో పోసి పాలు, తెలకపిండి, తేనె, నానిన మినుములు, నెయ్యి, ఉష్ణోదకం చేర్చాలి. ఆ భాండాన్ని వెచ్చని స్థలంలో ఒక పక్షం రోజులు ఉంచాలి. ద్రవ్యాలకు ఇంత అని ప్రమాణనియమం లేదని సురపాలుడు స్పష్టంగా చెప్పడం విశేషం.

నేటి పరిభాషలో ఇక్కడ జరుగుతున్నది ఏమిటి? మాంసంలోని మాంసకృత్తులను సూక్ష్మజీవులు విడగొట్టగా అమైనో ఆమ్లాలు, అమ్మోనియా రూపంలో నత్రజని నీటిలో కరుగుతుంది. అస్థిమజ్జల నుండి భాస్వరం, సున్నపు ధాతువు కొంత వస్తాయి. పాలు, తేనె సూక్ష్మజీవులకు శీఘ్రాహారం. వెచ్చదనం వాటి వృద్ధికి. పక్షం రోజుల వ్యవధి క్లిష్టపదార్థం సరళపదార్థంగా మారడానికి. సురపాలునికి సూక్ష్మజీవులు తెలియవు. కాని ఘనాహారాన్ని పాదపం నేరుగా తినలేదని, దానిని ముందుగా జీర్ణం చేసి పానయోగ్యం చేయాలని అతనికి తెలుసు. భృగువు వృక్షం లోపల ఉంచిన జఠరాగ్నిని సురపాలుడు బయట ఒక కుండలో ఉంచాడు అనవచ్చు.

1363లో శార్ఙ్గధరుడు సంకలనం చేసిన శార్ఙ్గధరపద్ధతిలోని ఉపవనవినోదం కూడా ఈ ధారను కొనసాగించింది. గిరిజాప్రసన్న మజుందార్ దానిని 1935లో ప్రకటించాడు.

ఇవన్నీ రాజోద్యానాల కోసం వ్రాసిన గ్రంథాలు గదా, సామాన్య కర్షకుడు పైరుకు ఆహారం పెట్టిన తీరు ఏ గ్రంథంలో ఉన్నది అని శంక కలుగవచ్చు. న్యాయమైన శంకే. పొలంలోని ఆచారం అరుదుగా అక్షరరూపం పొందింది. ఒక పైరు విషయంలో మాత్రం, పన్నువసూలు పుణ్యమా అని, అది విపులంగా నమోదైంది. అది గంజాయి. అథర్వవేదం పదకొండవ కాండలో సోముడు శ్రేష్ఠుడుగా గల ఐదు ఓషధులలో దర్భ, యవలతో పాటు భంగ కూడా పేర్కొనబడింది. భావప్రకాశం వంటి వైద్యగ్రంథాలు దాని గుణదోషాలను చెప్పాయి. కాని దానిని ఎలా పండించాలో చెప్పినవారు వైద్యులు కారు, ఆబ్కారీ అధికారులు. వంగదేశంలోని రాజషాహి ప్రాంతంలో, నౌగాఁవ్ పరిసరాలలో అనుమతిపత్రంతో మాత్రమే ఈ సేద్యం సాగేది. హేమచంద్ర కర్ 1877లో సమర్పించిన నివేదిక, అటు పిమ్మట 1893–94 నాటి భారత గంజాయి విచారణ సంఘం నివేదిక ఆ పద్ధతులను వర్ణించాయి. నీరు నిలవని తేలిక నేలను ఎంచుకొని, పలుమార్లు దున్ని, బోదెలు కట్టి నారు నాటేవారు. గోమయం, గానుగచెక్క కలిపి మొక్కల మొదళ్ళకు వేసేవారు. మగమొక్కలను గుర్తించి పెరికివేయడానికి పొద్దారు అనే నిపుణుడు వేరుగా ఉండేవాడు. తెలకపిండి సురపాలుని కుండలోనూ ఉన్నది, గానుగచెక్క రాజషాహి బోదెలోనూ ఉన్నది. ఒకచోట పులియబెట్టడం కుండలో, మరొకచోట తడినేలలో, అంతే భేదం. 1985 నాటి మాదకద్రవ్య నిరోధక చట్టం తరువాత ప్రభుత్వానుమతి లేని గంజాయి సేద్యం మన దేశంలో శిక్షార్హం గనుక ఆ ప్రసంగం ఇక్కడికి చాలు.

ఇంతవరకు త్రాగించే పదార్థం గురించి. ఇక పాత్ర గురించి. పాదపం త్రాగే పాత్ర నేల. ఎంత దివ్యమైన పానీయమైనా పాత్ర దుష్టమైతే ఏమగును?

ఈ ప్రశ్నను మన పూర్వులు విస్మరించలేదు. సురపాలుడు భూమిని జాంగలం, అనూపం, సాధారణం అని మూడుగా విభజించి, వర్ణాన్ని బట్టీ రుచిని బట్టీ ఆరేసి విధాలుగా మరల విభజించాడు. మధురం, ఆమ్లం, లవణం, కటువు, తిక్తం, కషాయం. మనిషి నాలుకకు ఏ ఆరు రసాలో మట్టికి కూడా అవే ఆరు. అమరకోశం భూమివర్గంలో సర్వసస్యాలు పండే నేలకు ఉర్వర అని, క్షారమృత్తికకు ఊషము అని పేర్లు వేరుగా ఇచ్చింది. మన తెలుగు రైతు ఇంకా సూక్ష్మంగా చూశాడు. ఊషరభూమి అంతా ఒకటి కాదని, ఉప్పు తెల్లగా పైకి పొంగేది పాలచౌడు అని, నల్లగా జిగటగా ఉండి నీరు ఇంకనిది కారుచౌడు అని వేరు పేర్లు పెట్టాడు. నేటి మృత్తికాశాస్త్రం కూడా ఈ రెండింటినీ వేరుగానే చూస్తుంది. మొదటిదానిలో దోషం కరిగే లవణాలు. మంచినీరు నిలగట్టి బయటికి తీసివేస్తే చాలవరకు పోతుంది. రెండవదానిలో దోషం మట్టి రేణువులను అంటుకున్న సోడియం. నీటితో మాత్రమే పోదు, జిప్సం వేసి అందులోని సున్నపు ధాతువుతో సోడియాన్ని తొలగించి, అటు తరువాత కడగాలి.

అయితే ఒక సత్యాన్ని ఒప్పుకోవాలి. భూమికి రుచి ఉన్నదని చెప్పిన సురపాలుడు, పాదపానికి ద్రవాహారం ఇవ్వమని చెప్పిన సురపాలుడు, ఈ రెండింటికీ ఉన్న కార్యకారణ సంబంధాన్ని చెప్పలేదు. నేల ఆమ్లమో క్షారమో అయినప్పుడు పోసిన ఆహారం కళ్ళ ముందే ఉండి అందకుండా పోతుందనే విషయం అతని గ్రంథంలో లేదు. ఆధునికులు కొందరు ‘పీహెచ్ సిద్ధాంతం మన శాస్త్రాలలో ఎప్పుడో ఉన్నది’ అని వ్రాస్తున్నారు. అది భక్తి కావచ్చు, ప్రమాణం కాదు. ఉన్నదానిని ఉన్నంతగా చెబితేనే అది గొప్పగా ఉన్నది. లేనిదానిని తగిలిస్తే ఉన్నది కూడా సందేహాస్పదం అవుతుంది.

ఆ సంబంధం తెలియడానికి పాశ్చాత్యులకు కూడా చాలాకాలం పట్టింది. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ ఎండబెట్టిన 200 పౌనుల మట్టిలో 5 పౌనుల విల్లో మొక్కను నాటి, 5 సంవత్సరాలు నీరు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌనులకు పైగా తూగింది. మట్టి తగ్గినది సుమారు 2 ఔన్సులు. కనుక వృక్షం కేవలం జలమయమని అతడు నిర్ణయించాడు. 1648లో, అతని మరణానంతరం, ఈ పరీక్ష ప్రకటితమైంది. వాయువు నుండి మొక్క ఆహారం గ్రహిస్తుందని అతనికి తెలియదు. ఆ 2 ఔన్సులను తూనికలో పొరపాటుగా లెక్కించి విడిచిపెట్టాడు. మన విషయమంతా ఆ 2 ఔన్సులలోనే ఉన్నది. 1699లో ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ పుదీనాజాతి మొక్కలను వాననీటిలో, థేమ్స్ నదీజలంలో, తోటమట్టి కలిపిన నీటిలో వేరువేరుగా పెంచాడు. నీటిలో పార్థివాంశం ఎక్కువైన కొద్దీ మొక్క బాగా పెరిగింది. కేవలజలం వాహనమే గాని ఆహారం కాదని తేలింది. 1840లో లీబిగ్ ఖనిజాహార సిద్ధాంతాన్ని ప్రచారం చేశాడు. 1860 ప్రాంతంలో సాక్స్, నోప్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు మట్టి లేకుండానే లవణద్రావణంలో మొక్కలను పెంచి చూపారు. నేడు కుండీలలో పోసే ద్రవ ఎరువులకు మూలం అక్కడ ఉన్నది.

రుచికి కొలత మాత్రం పొలంలో పుట్టలేదు. 1909లో డెన్మార్క్ దేశంలోని కోపెన్‌హేగన్‌లో, ఒక మద్యకర్మాగారానికి అనుబంధమైన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ దానిని కనిపెట్టాడు. దానికి తెలుగులో ఉదజని సూచిక అని పేరు. 7 సమస్థితి, దిగువ ఆమ్లం, ఎగువ క్షారం. ఒక్కొక్క అంకెకు పది రెట్ల భేదం. 8 అనగా 7 కంటె కొంచెం ఎక్కువ అని భావించరాదు. పది రెట్లు ఎక్కువ క్షారం. సాధారణంగా 6 నుండి 7 వరకు ఉన్న నేలలో అధికపోషకాలు మొక్కకు అందుబాటులో ఉంటాయి. ఆమ్లత్వం మిక్కుటమైతే భాస్వరం ఇనుముతో, అల్యూమినియంతో బంధింపబడుతుంది. క్షారత్వం పెరిగితే సున్నంతో బంధింపబడుతుంది. ఇనుము, జింకు, మాంగనీసు క్షారభూమిలో కరగవు. అవి లేకపోవడం కాదు. ఉన్నవి, కాని నీటిలో లేవు. పాదపానికి పానమే గాని భోజనం లేదు గనుక, నీటిలో లేనిది దానికి లేనట్టే.

ఇక్కడ సురపాలుని పిత్తజవ్యాధిని మరల చూడాలి. వాతపిత్తకఫాలు మనుష్యులకు వలెనే వృక్షాలకు కూడా వ్యాధిహేతువులని అతని మతం. ఆకులు పాలిపోయి పసుపెక్కడం, పండ్లు అకాలంలో రాలడం పిత్తలక్షణాలు. చికిత్స యష్టిమధు, మధూకాల కషాయంలో పాలు, తేనె కలిపి సేచనం చేయడం. నేటి రాయలసీమలో సున్నం ఎక్కువైన నేలలో వేరుశనగ లేతాకులు పసుపెక్కితే, అది ఇనుపధాతు లోపం. అందుకు విహితమైనది లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులపై పిచికారీ. నిమ్మ ఉప్పు ఎందుకు? ఆ ఆమ్లం ఇనుమును కరిగిన స్థితిలో నిలుపుతుంది. నేలలో వేస్తే మరల బంధింపబడుతుంది గనుక పాదాన్ని విడిచి పత్రం ద్వారా త్రాగించడం. లేతాకు ముందుగా పసుపెక్కితే ఇనుము, ముదురాకు ముందుగా పసుపెక్కితే నత్రజని. ఈ వివేకం లేక నత్రజని ద్రవాలు గుమ్మరించే రైతు ధనమూ కాలమూ రెండూ పోగొట్టుకుంటాడు. లక్షణం ఒకటే అయినా నిదానం వేరు కావచ్చునన్న ఆయుర్వేదసూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఈ రెండు ధారలు, అనగా త్రాగించే పదార్థమూ పాత్ర యొక్క రుచీ, ఒక వ్యక్తి జీవితంలో కలిశాయి. ఆయన యశవంత్ నేనే, వృత్తిచేత వృక్షరోగశాస్త్రజ్ఞుడు. హిమాలయపాదంలోని తరాయి ప్రాంతంలో, పంత్‌నగర్ పరిసరాలలో వరిపైరుకు ఒక విచిత్రవ్యాధి కలిగేది. ఆకులపై ఖదిరవర్ణంలో, అనగా చండ్రకాచు రంగులో మచ్చలు వచ్చి పైరు గిడసబారేది. ఆ రంగును బట్టే దానికి ఖైరా అని జనవ్యవహారం. నేనే దాని కారణం ఏ క్రిమీ కాదని, జింకు ధాతువు అందకపోవడమేనని 1966లో నిర్ధారించాడు. ఆ నేలలు సున్నం గలవి. ఉదజని సూచిక ఎక్కువ. జింకు మట్టిలో ఉండి కూడా నీటిలోకి రాదు. ఆయన చెప్పిన చికిత్స హెక్టారుకు 1000 లీటర్ల నీటిలో 5 కిలోల జింకు సల్ఫేటు, 2.5 కిలోల తడిసున్నం కలిపి చల్లడం. జింకు సల్ఫేటు ద్రావణం ఆమ్లస్వభావం కలది, ఒంటిగా చల్లితే ఆకు మాడుతుంది. దానిని సమస్థితికి తేవడానికే ఆ సున్నం. ఏ సున్నం నేలలో దోషమో అదే సున్నం పానీయంలో ఔషధం అయింది. మన కోస్తా, తెలంగాణ వరిపొలాలలో నేడు ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు దుక్కిలో వేయమని చెప్పే సలహాకు పూర్వచరిత్ర ఇందులోనే ఉన్నది.

ఆ నేనేయే అటు పిమ్మట పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థలో ఉన్నతపదవి నిర్వహించి, 1994లో సికింద్రాబాదులో ఆసియా వ్యవసాయ చరిత్ర ప్రతిష్ఠానాన్ని స్థాపించాడు. సురపాలుని వృక్షాయుర్వేదం వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో పడి ఉండగా దాని ప్రతిని తెప్పించాడు. హైదరాబాదు సంస్కృత విదుషి నళినీ సాధలే దానిని ఆంగ్లంలోకి అనువదించగా, 1996లో ప్రతిష్ఠానం యొక్క తొలి ప్రచురణగా వెలువడింది. సుమారు వేయి సంవత్సరాల తరువాత కుణపజలం మరల పొలానికి వచ్చిన దారి ఇది.

మాంసం ముట్టని రైతులు దీనిని ఎలా స్వీకరిస్తారు? ఈ ప్రశ్న ఊహాజనితం కాదు, ప్రచారారంభంలోనే ఎదురైంది. దానికి సమాధానంగా జంతుద్రవ్యాలను విడిచి, కలుపుమొక్కలు, పచ్చి ఆకులు, మొలకెత్తిన మినుములు, గానుగచెక్క, గోమూత్రగోమయాలతో చేసే శాకకుణపజలాన్ని నేనే ప్రతిపాదించాడు. ఇది నాకు అపచారంగా తోచదు. ద్రవ్యాలకు నియమం లేదని సురపాలుడే అవకాశం ఇచ్చాడు. శాస్త్రంలో ద్రవ్యం గౌణం, సంస్కారం ప్రధానం; సంస్కారం అనగా ఇక్కడ పక్షం రోజుల పాకం. ఆంధ్రదేశంలో ప్రకృతిసేద్యం చేసేవారు వాడే జీవామృతం కూడా ఈ జాతిదే. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి వేసి 48 గంటలు పులియబెడతారు. సురపాలుని తేనె స్థానంలో బెల్లం, మినుముల స్థానంలో పప్పుపిండి. అంతమాత్రం చేత ఇది దాని నుండే పుట్టిందని చెప్పడానికి ప్రమాణం లేదు. ఒకే ప్రయోజనం కోరినవారికి ఒకే ఉపాయం తోచడం లోకసహజం.

ఈ ద్రవాలు క్షారభూమిలో కొంత మేలు చేసే మాట వాస్తవం. సేంద్రియపదార్థం కుళ్ళేటప్పుడు పుట్టే ఆమ్లాలు వేరు చుట్టూ స్వల్పప్రదేశంలో క్షారత్వాన్ని తగ్గిస్తాయి. ఇనుము, జింకులను పట్టి కరిగిన స్థితిలో ఉంచుతాయి. కాని కారుచౌడు నేలలో, ఉదజని సూచిక 8.5 దాటిన చోట, ఈ ఉపకారం కొండను గోటితో గీరినట్లే. అక్కడ ముందు జిప్సం, మురుగుకాలువ, జీలుగ లేక జనుము పచ్చిరొట్ట. తరువాతనే కుణపజలమైనా జీవామృతమైనా. పాలచౌడు నేలలో మరొక అపాయం ఉన్నది. గాఢమైన ఏ ద్రవం పోసినా వేరు చుట్టూ ఉప్పు ఇంకా పెరిగి, నీరు లోపలికి పోవడానికి బదులు వేరు నుండే బయటికి లాగబడుతుంది. నీరుండగా మొక్క దాహంతో ఎండుతుంది. అందుచేతనే పలుచన చేసి, తడి ఉన్న నేలలో, కొద్దికొద్దిగా పోయడం.

నేలపరీక్ష కోసం పొలంలో ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, ఆ మట్టిని కలిపి, నీడన ఆరబెట్టి అర కిలో పంపుతారు. తిరిగి వచ్చే పత్రంలో మొదట ఉండేది ఉదజని సూచిక, రెండవది లవణపరిమాణం. తక్కిన నత్రజని, భాస్వరం, పొటాష్ అంకెలన్నీ వాటి క్రిందనే ఉంటాయి.